మిల్లు వంపులో బ్రేకు

రే టకెట్‌ను చంపడానికి తుపాకీ అవసరం పడలేదు.

రోటెన్‌బాక్ ఊరి నుంచి కొండ మీది అమెరికన్ బ్యారక్స్‌కి వెళ్ళే రోడ్డు పాత పిండిమిల్లు దగ్గర ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. సెప్టెంబరు చివర్లో ఒక శనివారం, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. సార్జంట్ రే టకెట్ తన నల్ల బి.ఎం.డబ్ల్యూ మోటార్ సైకిలు మీద ఎప్పటిలాగే ఆ వంపులోకి వచ్చాడు. ఒళ్ళు బండితో పాటు వాల్చాడు, చూపు వంపు చివర పెట్టాడు. సగం తిరిగాక బ్రేకు నొక్కాడు. వెనక చక్రం జారింది. బండి ఒకవైపు పోయింది, అతను ఇంకోవైపు పోయి మిల్లు గోడకు కొట్టుకున్నాడు. పక్క పొలంలో చక్కెర దుంపలు తవ్వుతున్న రైతు పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం లేదు.

రోడ్డు మీద డీజిల్ జిడ్డు ఉందన్నారు జర్మన్ పోలీసులు. పాల ట్యాంకర్లు తిరిగే దారి, అదేం వింత కాదన్నారు. పడ్డాక రే గోడ దగ్గర నుంచి రోడ్డు మీదికి పాకిన జాడ కూడా ఉంది. సాయం కోసం పాకి ఉంటాడని తేల్చేశారు. అందరూ సరేనన్నారు, ఒక్క ఎమెట్ డూలిన్ తప్ప.

ఎమెట్ మిలిటరీ కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఏజెంటు. యూనిఫాం వేసుకోని సైనికుడు. రేకి ప్రాణస్నేహితుడు, అంతకుముందు శిష్యుడు. పరాయి దేశంలో పోస్టింగు పడిన సైనికుడికి మొదటి జీతం అందగానే సొంత మోటార్ సైకిలు మీదికి మనసు పోతుంది. ఇది కొత్త జబ్బేం కాదు. కానీ సేఫ్టీ కోర్సు పాసైతే తప్ప గేటు దగ్గర కాపలావాడు బండిని లోపలికి అడుగు పెట్టనివ్వడు, జనరల్ బావమరిదైనా సరే. ఆ కోర్సు చెప్పేది రే. వంపులో బ్రేకు ముట్టుకోవద్దని అతను ఎన్ని వందల మందికి చెప్పాడో! వంపులోకి రాకముందే వేగం తగ్గించు, వచ్చాక దేవుడే ఎదురైనా బ్రేకు జోలికి పోకు అనేవాడు. అలాంటివాడు వంపు నడిమధ్య బ్రేకు నొక్కి చచ్చిపోయాడట! జారిన చక్రం గీసిన నల్లటి చార ఇంకా తారు మీద ఉంది. ఎమెట్ కళ్ళు మూసుకుంటే అదే. భోజనం ముందు కూర్చుంటే అదే. ఏం చూసి నొక్కావురా అని ఖాళీ గదిలో పైకే అడిగేవాడు.

మూడో వారంలో మేజర్ విటేకర్ కబురంపాడు.

మేజర్‌కి కడుపులో పుండు. కేసు ఎంత చెడ్డదో అతను నమిలే మాత్రల్ని బట్టి చెప్పొచ్చు. ఆ రోజు డబ్బా ఖాళీగా ఉంది.

"కూర్చో, డూలిన్."

ఎమెట్ కూర్చున్నాడు. మేజర్ టేబుల్ మీద వేలెడంత ఇత్తడి గొట్టం పెట్టాడు.

"టకెట్ బండి హ్యాండిల్లో దొరికింది. రబ్బరు పిడి కింద."

"ఏముంది లోపల?"

"మైక్రోఫిల్మ్. యుద్ధమొస్తే ఈ జిల్లాలో మనం పేల్చాల్సిన వంతెనలు. ఏ వంతెనకి మందు ఎక్కడ పెట్టాలో, అంతా."

తూర్పు జర్మనీ సరిహద్దు అక్కడికి కూతవేటు దూరం. గోడా, ముళ్ళకంచెలూ ఇంకా నిలబడి ఉన్న రోజులవి. ఆ ఫిల్ము అటు చేరితే ఎవరు సంతోషిస్తారో అడగక్కర్లేదు.

రేకి ఈ సంగతి తెలిసి ఉండదని ఎమెట్ అన్నాడు. అందరూ తమ స్నేహితుల గురించి అలాగే అంటారని మేజర్ అన్నాడు. ఎమెట్ వాదించాడు. సొంత బండి ఉన్న సైనికుడంత మంచి రవాణా ఎవరికి దొరుకుతుంది? బ్యారక్స్ లోపల రాత్రంతా బండి ఆరుబయటే ఉంటుంది. ఎవడైనా పిడి ఊడదీసి గొట్టం దూర్చొచ్చు. శనివారం ఆ పిచ్చిమారాజు గేటు కాపలావాడికి సెల్యూట్ కొట్టి బయటికి తీసుకెళ్తాడు. అందరు బైకువాళ్ళలాగే ఊళ్ళో గుడ్రున్ హోటలు ముందు ఆపి కాఫీ తాగుతాడు. ఈలోగా ఇంకొకడు తీసేసుకుంటాడు. మోసేవాడికి మోస్తున్నట్టే తెలియదు.

"రుజువు?" అన్నాడు మేజర్.

"వంపులో బ్రేకు నొక్కాడు సార్. రే నొక్కడు. ఎవరో నొక్కించారు."

"అది రుజువు కాదు, డూలిన్. అది దుఃఖం."

మేజర్ చెడ్డవాడు కాదు. కానీ ఫైలుకి దుఃఖం అక్కర్లేదు. పై వారం ఫైలు హెడ్‌క్వార్టర్స్‌కి పోవాలి. ద్రోహి అని ముద్ర పడితే శవపెట్టె మీద జెండా కప్పరు, బ్యూగిల్ ఊదరు. విచారణ తేలలేదని రే శవాన్ని మూడు వారాలుగా మార్చురీలోనే ఉంచారు. అతని భార్య మార్లిస్ రోటెన్‌బాక్ పిల్లే. ఆమె రొట్టెల దుకాణంలోకి అడుగు పెడితే జనం మాటలు ఆపేస్తున్నారట. మొగుణ్ణి పూడ్చుకోవడానికి కూడా వీల్లేని ఆడమనిషి కళ్ళలోకి ఎమెట్ ఇంతవరకూ సూటిగా చూడలేకపోయాడు.

"ఫిల్ము దొరికిందని బయట ఎవరికి తెలుసు?" అని అడిగాడు.

"నీకూ, నాకూ, మెకానిక్కుకీ."

"అయితే బండిలోనే ఉందని వాళ్ళు అనుకుంటున్నారు. రైతు తొందరగా వచ్చేశాడు, తీసుకునే టైము దొరకలేదు. ఆ ఫిల్ము వాళ్ళకి కావాలి. బండి నాకివ్వండి."

మేజర్ ఖాళీ డబ్బాని ఒకసారి ఊపి చూసుకుని సరేనన్నాడు.

అలా సార్జంట్ వెండెల్ పూల్ పుట్టాడు. సామాన్ల డిపోకి కొత్తగా బదిలీ మీద వచ్చిన గుమాస్తా. దట్టమైన మీసం, లావు అద్దాల కళ్ళజోడు, ఎర్రరంగు వేసిన జుట్టు. కొలోన్ వాసన ఆమడ దూరం కొట్టేది. బదిలీ అయి వెళ్ళేవాళ్ళు బండ్లు అమ్ముకునే ఖాళీ స్థలం బ్యారక్స్ వెనక ఉంటుంది. దాన్ని సైనికులు లెమన్ లాట్, అంటే డొక్కు బళ్ళ దొడ్డి, అంటారు. అక్కడ కొన్న బండి ఇంటిదాకా చేరితే అదే పదివేలు. బాగు చేసిన రే బండిని అక్కడ పెట్టారు. రెండు రోజులు దాని పక్క నుంచి కూడా ఎవరూ నడవలేదు. చచ్చినవాడి బండి ఎవడు కొంటాడు? ఏమీ తెలియని కొత్త గుమాస్తా కొన్నాడు. క్యాంటీన్‌లో అందరూ పూల్‌ని చూసి జాలిపడ్డారు. ఒక వంటవాడు మాత్రం ముఖం మీదే, నీకు పెళ్ళాం పిల్లలు లేరు కదా అని అడిగాడు.

సిగ్నల్స్ విభాగం వాళ్ళు సిగరెట్టు పెట్టెంత ట్రాన్స్‌మిటర్‌ని అతని జాకెట్టు లోపల కుట్టారు. దాని ఏరియల్ తీగని, బైకువాళ్ళంతా విధిగా తొడుక్కోవాల్సిన నారింజరంగు చొక్కా అంచులో దాచారు. కోడ్ మాటలు రెండు. ముఠా మనిషి దొరికితే "పాలు పొంగాయి". తన గుట్టు బయటపడితే "పాలు విరిగాయి". చిక్కల్లా ఊరు లోయలో ఉండటమే. అక్కణ్ణుంచి సిగ్నల్ అందదు. మిల్లు వంపు దాకా ఎక్కితేనే, కొండ మీద కారులో కూర్చున్న మేజర్‌కి వినబడుతుంది.

"ఊళ్ళో మనకో మనిషి ఉంది," అన్నాడు మేజర్. "గుడ్రున్ ఆల్తోఫ్. హోటలామె. రెండేళ్ళుగా మనకి కబుర్లు అందిస్తోంది. టకెట్ తూర్పువాళ్ళతో కూర్చోవడం చూశానని ఆమే చెప్పింది. నీకు సాయం చెయ్యమని చెప్పనా?"

"వద్దు సార్. ఎవరికీ చెప్పకండి."

శనివారం పొద్దున ఎమెట్ బయల్దేరాడు. గొట్టంలో అసలు ఫిల్ము బదులు వెలుతురు తగిలి పాడైన ఫిల్ముముక్క పెట్టి మళ్ళీ పిడి కింద దూర్చారు. బండి ఒక్క తన్నుకే స్టార్టయింది. రే ఉన్నప్పుడు కూడా అది అంత బుద్ధిగా ఉండేది కాదు. సీటు రే బరువుకి గుంటపడి ఉంది. అద్దాలు రే ఎత్తుకి సరిచేసి ఉన్నాయి. రే అతనికంటే పొడుగు. అందుకని అద్దంలోకి చూస్తే వెనక రోడ్డు కనబడదు. తన భుజమూ, భుజం వెనక కాస్త ఆకాశమూ కనబడతాయి. సరిచేసుకోవడం క్షణం పని. చెయ్యి అద్దం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. రే చేత్తో తిప్పి పెట్టిన అద్దాలవి. ఇంక లోకంలో రే చేత్తో పెట్టినట్టే ఉన్నవి ఎన్ని ఉన్నాయి గనక? వెనక సీట్లో ఎవరో కూర్చున్నట్టు దారంతా వీపు బరువుగా ఉంది. ఎమెట్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా మిల్లు వంపు దిగేటప్పుడు, కాస్త గట్టిగా పట్టుకో అన్నాడు పైకే.

గుడ్రున్ హోటలు ముందు పదిహేను ఇరవై బళ్ళు వరసగా ఉన్నాయి. రే దగ్గర చివరి బ్యాచిలో కోర్సు చేసిన కుర్రాళ్ళు ఆరుగురు కూడా అక్కడే ఉన్నారు. నారింజ చొక్కాలు విప్పకుండానే ప్లమ్ పండ్ల కేకు మీద పడి తింటున్నారు. గురువు పోయాక ఒంటరిగా ఎవరూ బయటికి రావట్లేదు. ఎక్కడికెళ్ళినా ఆరుగురూ కలిసే.

ఎమెట్ బండి ఆపి, దిగి, తోసుకుంటూ వెనక్కి తిప్పి, ముందు చక్రం రోడ్డు వైపు ఉండేలా నిలబెట్టాడు. ట్యాంకు మీద అరచేత్తో రెండు తట్లు తట్టాడు. తట్టిన సంగతి అతనికే తెలియదు. లోపలికెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు.

గుడ్రున్ కాఫీ తెచ్చింది. నలభై దాటినా చూసినవాడు ఒకటికి రెండుసార్లు చూసే మనిషి. ఎర్రటి తోలు సూటు, మెడ దగ్గర తెల్లటి పట్టు రుమాలు. ఆ లోయలో ఆమెలా బండి నడిపే మగవాడు కూడా లేడు.

"కొత్త ముఖం," అంది. "ఆ బండి పాతదే."

"చవగ్గా వచ్చింది మేడమ్."

"ఎందుకు చవగ్గా వచ్చిందో చెప్పారా?"

"చెప్పారు. నేను అలాంటివి నమ్మను."

"నమ్మాలి, సార్జంటు గారూ. మీ వయసుకి అప్పుడే చావొద్దు," అని నవ్వింది. ఒకసారి ఎక్కి చూడొచ్చా అని అడిగింది. కాదనే మగవాడు ఆ హోటల్లో ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

కిటికీలోంచి ఎమెట్ చూస్తూనే ఉన్నాడు. ఆమె రే బండి ఎక్కి కూర్చుంది. ముందుకు వంగి రెండు చేతులూ హ్యాండిల్ మీద వేసింది. పట్టు రుమాలు తీసి కుడి పిడిని ముద్దుగా తుడిచింది. తుడవడం అయ్యేసరికి రుమాలు ఒకవైపు కాస్త బరువుగా వేలాడింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. అంత తేలిగ్గా, అంతమంది ముందు, నవ్వుతూ! రెండేళ్ళుగా మేజర్‌కి కబుర్లు అందించిన మనిషి! ఇటు మనకి, అటు వాళ్ళకి. రే మీద చాడీ చెప్పింది ఈవిడే.

ఆమె తిరిగి లోపలికొచ్చి, బండి బావుందని మెచ్చుకుంది. ఎవరికో ఫోను చేసి, పట్నంలో పనుందని, వంటామెకి హోటలు అప్పజెప్పి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ ఎమెట్ భుజం మీద చెయ్యి వేసింది.

"బండిని భలే నిలబెట్టారు. ముందు చక్రం రోడ్డు వైపు, ట్యాంకు మీద రెండు తట్లు. ఎక్కడ నేర్చుకున్నారు?"

"అలవాటు మేడమ్."

"మంచి అలవాటు," అంది. ఆమె బండి కొండ వైపు పోయింది.

అప్పటికి గాని అతనికి వెలగలేదు. మీసం పెట్టుకున్నాడు, జుట్టుకి రంగు వేసుకున్నాడు, పేరు మార్చుకున్నాడు. బండి నిలబెట్టేది మాత్రం రే నేర్పినట్టే నిలబెట్టాడు! రే శిష్యులు అందరూ అలాగే నిలబెడతారు. కిటికీ బయట ఆ ఆరుగురి బళ్ళూ అలాగే ఉన్నాయి, ముందు చక్రాలు రోడ్డు వైపు తిప్పి. కానీ నిన్నగాక మొన్న వచ్చిన గుమాస్తా పూల్‌కి రే ఎవరో తెలియకూడదు. పూల్ కాడని గుడ్రున్‌కి తెలిసిపోయింది. ఎవరో కూడా ఊహించే ఉంటుంది.

ఇప్పుడామె దొరక్కపోతే రే గతి అంతే. పాడైన ఫిల్ముముక్క అవతల పారేసి సరిహద్దు దాటేస్తుంది. ద్రోహి అనే మాట రేకి శాశ్వతంగా అంటుకుంటుంది. ఎమెట్ కాఫీ అక్కడే వదిలి బయటికి పరుగెత్తాడు. ట్రాన్స్‌మిటర్ నొక్కి "పాలు విరిగాయి, పాలు విరిగాయి" అన్నాడు. లోయలోంచి అది కొండ మీదికి అందదని అప్పుడు గుర్తొచ్చింది. బండి ఎక్కాడు. వెనక కుర్రాళ్ళు కూడా డబ్బులు టేబుల్ మీద పెట్టి లేవడం వినబడింది.

కొండ ఎక్కుతుంటే మంచు పలచబడింది. అద్దంలో తన భుజమూ, ఆకాశమూ. దుంపల పొలాలు, పాల డబ్బాలు, ఆగని ఇంజను మోత. వెనక సీట్లో బరువు ఇంకా ఉంది. వంపు దగ్గరపడుతోంది, వేగం తగ్గించు అని మనసులో ఎవరో అన్నారు. తగ్గించాడు. బండి వాల్చాడు. చూపు వంపు చివర పెట్టాడు.

వంపు చివర రోడ్డు పక్కన గుడ్రున్ బండి ఆగి ఉంది. బండి వెనక, తారు మీద, ఎర్ర హెల్మెట్టు. దాని పక్కన ఆమె వెల్లకిలా పడి ఉంది.

కారులో వెళ్ళేవాడికి అది ఒక హెల్మెట్టు. బైకువాడికి అది కేక. ఆగిన బండి వెనక హెల్మెట్టు నేల మీద పెట్టి ఉందంటే ఆ బండివాడు ఆపదలో ఉన్నాడని అర్థం. అమెరికాలోనూ అంతే, జర్మనీలోనూ అంతే. ఎవడు నేర్పాడో తెలియదు గాని, చూసిన బైకువాడెవడూ ఆగకుండా పోడు. శత్రువైనా ఆగుతాడు. ఆలోచించి ఆగడు, చెయ్యే ఆపేస్తుంది.

ఎమెట్ చెయ్యి కూడా బ్రేకు మీదికి పోయింది. నాలుగు వేళ్ళూ దాని మీద ముడుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే ముందు చక్రం కింద ఆ నల్లటి చార కనబడింది.

ఓరి నాయనా, రే చూసింది ఇదే.

వేళ్ళు విప్పాడు. చార అవతల తారు మీద రంగురంగుల జిడ్డు మెరుస్తోంది. తిరగడానికి లేదు, ఆగడానికి లేదు. బండిని నిటారుగా లేపి, గోడ మొదలయ్యే చోటుకి కాస్త ఇవతల, రైతు ట్రాక్టరు దిగే సందులోంచి పొలంలోకి వదిలేశాడు. బురద మీద పది గజాలు పోయి, దుంపల కుప్పకి గుద్దుకుని బండి పడింది. అతను దాని అవతల పడ్డాడు. కళ్ళజోడు పోయింది, మీసం సగం ఊడింది. ఎడమ కాలు మాట వినట్లేదు. కానీ బతికే ఉన్నాడు.

గుడ్రున్ లేచి నిలబడింది. చేతిలో చిన్న పిస్తోలు. అడుగులు జాగ్రత్తగా వేస్తూ పొలం అంచుకి వచ్చింది.

"ఆగలేదేం?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయినట్టుంది.

"ఒకడు ఆగాడుగా."

"నువ్వు ఎమెట్‌వి. నీ గురించి ఒకటే సోది చెప్పేవాడు."

"వాడికి ఫిల్ము సంగతి తెలుసా?"

"ఏమీ తెలీదు," అంది గుడ్రున్. "పిడి వదులైందని, లోపల ఏదో గలగలమంటోందని నాకే చెప్పాడు. సోమవారం నీకు చూపిస్తానన్నాడు. సోమవారం దాకా వదిలేస్తే నా పని అయిపోయేది. డీజిల్ అప్పుడూ ఇవాళా మా పాల లారీవాడే పోశాడు. హెల్మెట్టు నేను పెట్టాను."

జాకెట్టు లోపల ట్రాన్స్‌మిటర్ పగిలిందో, పని చేస్తోందో తెలియదు. ఆమెని మాట్లాడనివ్వడం తప్ప వేరే దారి లేదు. ఆమెకీ మాట్లాడాలనే ఉంది. మూడు వారాలుగా ఎవరికీ చెప్పుకోలేక ఉబ్బిపోయిన మనిషిలా ఉంది.

"గోడకి కొట్టుకున్నాక చచ్చాడనుకున్నాను. ఫిల్ము కోసం బండి వైపు వెళ్తున్నాను. చూస్తే పాక్కుంటూ వస్తున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. దగ్గరకొచ్చి, 'నీకేం దెబ్బ తగల్లేదు కదా?' అని అడిగాడు." ఆమె చూపు మిల్లు గోడ వైపు పోయింది. "లేదన్నాను. 'హమ్మయ్య' అన్నాడు. అంతే. రైతు వస్తున్నాడని పారిపోయానని మావాళ్ళు అనుకుంటున్నారు. రైతు కనబడక ముందే పారిపోయాను."

ఎమెట్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. అంత తెలివైనవాడు, అంతమందికి పాఠం చెప్పినవాడు, ఎముకలు విరిగి పాకుతూ తనని చంపినదాన్నే పరామర్శించాడు. సాయం కోసం పాకలేదు రే. సాయం చెయ్యడానికి పాకాడు.

కింద నుంచి ఇంజన్ల మోత వినబడింది. ఒకటి కాదు, చాలా. ఆ ఆరుగురు.

ఇద్దరూ రోడ్డు వైపు చూశారు. ఎర్ర హెల్మెట్టు తారు మీద అలాగే ఉంది. ఆరుగురూ రే శిష్యులు. ఆరుగురూ వంపులోకి వస్తారు, హెల్మెట్టు చూస్తారు, ఆరుగురూ ఆగుతారు.

"కదిలితే కాలుస్తాను," అంది గుడ్రున్.

"కాల్చు," అన్నాడు ఎమెట్. ఆమెకి వీపు చూపించి, దెబ్బతిన్న కాలు ఈడ్చుకుంటూ రోడ్డెక్కాడు.

వీపులో గుండు దిగే చోటు అతనికి ముందే తెలుస్తున్నట్టు మండుతోంది. జిడ్డు మీద కాలు జారి బోర్లా పడ్డాడు. మోచేతుల మీద పాకాడు. హెల్మెట్టు అందుకుని గుండెల కింద దాచుకున్నాడు. మొదటి బండి వంపులోకి తిరిగింది. ఎమెట్ ఒక చెయ్యెత్తి అరచేతిని నేలకేసి కొడుతున్నట్టు ఆడించాడు. నెమ్మది, నెమ్మది అని బైకువాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే సైగ అది. ముందువాడు చూశాడు. బ్రేకు ముట్టుకోలేదు. గేరు తగ్గించి, గోడ వారగా, జిడ్డు తగలకుండా పాములా జారుకుంటూ పోయాడు. వెనక ఐదుగురూ అతని జాడలోనే వెళ్ళారు. చివరివాడి వెనక చక్రం ఒకసారి తడబడి సర్దుకుంది. అంతా వంపు దాటాక గాని ఆగలేదు.

తుపాకీ పేలలేదు.

ఎమెట్ వెనక్కి తిరిగి చూశాడు. గుడ్రున్ పొలం గట్టు మీద కూర్చుని ఉంది. పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని, చేతులు మోకాళ్ళ చుట్టూ వేసుకుని. కుర్రాళ్ళు దిగి వచ్చి చుట్టూ నిలబడితే, పిస్తోలు వాళ్ళలో ఒకడి చేతికి మర్యాదగా అందించింది.

"ఎందుకు కాల్చలేదు?" అని అడిగాడు ఎమెట్.

"రాత్రిళ్ళు ఒకడి గొంతే భరించలేకపోతున్నాను. ఇద్దరిదీ ఎక్కడ వినను?" అంది.

కొండ మీద నుంచి కారొచ్చింది. మేజర్ విటేకర్ దిగి, గుడ్రున్ వైపు చాలాసేపు చూశాడు. రెండేళ్ళు నమ్మిన మనిషి. తర్వాత ఎమెట్ పక్కన, ఆ జిడ్డు మీదే, చతికిలబడ్డాడు.

"విన్నారా సార్?"

"ఆగలేదేం అన్న దగ్గర్నుంచీ విన్నాను. టేపు మీద కూడా ఉంది." మాత్ర కోసం జేబులు తడుముకున్నాడు, దొరకలేదు. "నాది తప్పు, డూలిన్. దుఃఖాన్ని కూడా కొన్నిసార్లు ఫైల్లో పెట్టాలి కాబోలు."

సాయంత్రానికి పాల లారీవాడు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర పట్టుబడ్డాడు. వాడు చెప్పిన పేరుతో, బ్యారక్స్‌లో రాత్రిళ్ళు బళ్ళ పిడులు ఊడదీసి గొట్టాలు దూర్చే పెద్దమనిషిని భోజనం బల్ల దగ్గరే పట్టుకున్నారు. సార్జంట్ వెండెల్ పూల్ మీద మిలిటరీ పోలీసులు కేసు రాశారు. కోర్సు పాసవకుండా బండి నడిపినందుకూ, రైతు దుంపలు పాడు చేసినందుకూ. పూల్ అనేవాడు లేడని మేజర్ చెప్తే, అయితే లేనివాడి లైసెన్సు రద్దు చేస్తున్నామన్నారు. సైన్యంలో పని అలాగే సాగుతుంది, ఎవరూ ఆశ్చర్యపోరు.

ఫైల్లోంచి ద్రోహి అనే మాట పోయింది. రేని రోటెన్‌బాక్‌లోనే, మార్లిస్ వాళ్ళ కుటుంబం వాళ్ళ పక్కన పూడ్చారు. జెండా కప్పారు, బ్యూగిల్ ఊదారు. రొట్టెల దుకాణం మూసేసి మరీ ఊరంతా వచ్చింది.

ఆ తర్వాత ఎమెట్ కర్ర సాయంతో మార్లిస్ ఇంటికెళ్ళాడు. కాలికి పట్టీ, మనసులో మూట. రే చివరి మాట ఆమెకి చెప్పాలి. చెప్పకపోతే గుడ్రున్‌కీ తనకీ తేడా ఉండదు. వంటింట్లో కూర్చోబెట్టి ఆమె సూపు పోసింది. అతను తలెత్తకుండా మొత్తం చెప్పాడు. పాకడం, అడగడం, 'హమ్మయ్య' అనడం.

మార్లిస్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఉన్నట్టుండి కోపంగా ముఖం తుడుచుకుంది.

"నీకేం దెబ్బ తగల్లేదు కదా అన్నాడా? కిందటేడు నేను ఆ మెట్ల మీంచి పడితే, మీ స్నేహితుడు గదిలోంచి అరిచాడు, కాఫీ ఒలికిందా అని!"

ఎమెట్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ ఇద్దరూ ఏడ్చారు. ఒకరి ముందు ఒకరు ఇంత గట్టిగా ఏడవడం అదే మొదలు. సూపు చల్లారిపోయింది. రే ఆ ఇంట్లో లేడని ఆ క్షణంలో ఇద్దరికీ మొట్టమొదటిసారి బాగా అర్థమైంది.

వెళ్ళేటప్పుడు మార్లిస్ గుమ్మం దాకా వచ్చింది.

"వచ్చే ఆదివారం భోజనానికి రా. బైకు మీద వస్తే తలుపు తియ్యను. బస్సులో రా."

ఆదివారాలు ఆ ఊరికి బస్సు లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఎమెట్‌కీ తెలుసు. ఆదివారం పొద్దున్నే కర్ర పట్టుకుని నడక మొదలుపెట్టాడు.